మొహాలకు అంటుకట్టిన మనిషి: హెరాల్డ్ గిల్లీస్

మాది కొల్లాపూర్ దగ్గర పల్లె. మామిడి తోటల ఊరు. చిన్నప్పుడు మా నాయిన అంటు కడుతుంటే పక్కన కూర్చుని పట్టీ అందించడం నా పని. టెంక నుంచి మొలిచిన మొక్కను చిన్న కుండీలో పెంచి, దాన్ని బేనిషాన్ చెట్టు కొమ్మ పక్కకు తెచ్చి, రెండింటి బెరడూ కొంచెం చెక్కి, చెక్కిన చోట్లు ఒకదానికొకటి ఆనించి గట్టిగా చుట్టేవాడు. కొమ్మను అప్పుడే కోసేవాడు కాదు. రెండు మూడు నెలలు దానికి తల్లి చెట్టే తిండి పెట్టాలి. కింది మొక్క నుంచి రసం పైకి ఎక్కుతున్నదని నమ్మకం కుదిరాకే తల్లి నుంచి వేరు చేసేవాడు. ముందే కోస్తే కొమ్మ ఎండిపోతుంది. ఇప్పుడు నర్సరీలలో తెంపిన పుల్లతోనే అంటు కడుతున్నారు, పని తొందరగా అవుతుంది. కాని పుల్ల చిన్నదై ఉండాలి, కొత్తచోట రసం అందేదాకా ఎండకుండా కాపాడుకోవాలి.

సర్జన్ జీవితచరిత్ర రాస్తానని మామిడి అంట్ల గురించి మొదలుపెట్టాడేమిటని పాఠకులు అనుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టాలి. ఇంకొక ఇంటి సంగతి కూడా చెప్పి అసలు విషయానికి వస్తాను.

మా పెద్దనాయిన కూతురు, నాకు అక్క, రాయదుర్గంలో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. పదమూడో ఏట ఆమె ఎడమ చెంప లోపలికి పోవడం మొదలైంది. దెబ్బ తగల్లేదు, జ్వరం రాలేదు. చర్మం కింద కొవ్వు ఏడాదికి ఏడాది తగ్గుతూ పోయింది. ప్యారీ రోంబర్గ్ జబ్బు అని దాని పేరు పట్నం వచ్చాకే తెలిసింది. ఆఫీసు మీటింగులన్నీ కంప్యూటర్ తెర మీదే కదా, అక్క తన కెమెరా ఎప్పుడూ కట్టేసే ఉంచుతుంది. తన గదిలో అద్దం లేదు. సంబంధాలు వస్తున్నాయి, ఫోటో చూసి ఆగిపోతున్నాయి. కిందటేడు ఒక క్లినిక్‌కు వెళ్తే, పొట్టలో కొవ్వు తీసి చెంపలో ఒక్కసారి ఎక్కిస్తే సరిపోతుందని, శుక్రవారం చేయించుకుంటే సోమవారం డ్యూటీకి పోవచ్చని చెప్పారు. డబ్బు ఎంతో కూడా చెప్పారు. ఇంకొక చోట ఒక పెద్ద డాక్టరమ్మ పరీక్ష చేసి, జబ్బు ఆగి కనీసం ఏడాది అయ్యేదాకా కత్తి పట్టనన్నది. ఆ తరువాత కూడా ఒక్కసారితో కాదు, రెండు మూడుసార్లు పట్టవచ్చన్నది. ఇంటిల్లిపాదికీ మొదటి మాటే నచ్చింది. నేనొక్కణ్ణే సైన్సు చదివేవాణ్ణి కాబట్టి ఏది నిజమో తెలుసుకొనే బాధ్యత నామీద పడింది. ఆ డాక్టరమ్మ మాటల మధ్యలో గిల్లీస్ పేరు వచ్చింది. లైబ్రరీలో వెతుక్కుంటూ పోతే ఆయన జీవితం దొరికింది.

హెరాల్డ్ డెల్ఫ్ గిల్లీస్ 1882 జూన్ 17న న్యూజిలాండ్‌లోని డునెడిన్ పట్టణంలో పుట్టాడు. నాలుగేళ్ల వయసులో తండ్రి పోయాడు. చిన్నతనంలో మోచేయి విరిగి, అది జీవితాంతం పూర్తిగా చాచడానికి రాలేదు. ఆ చేతితోనే కేంబ్రిడ్జిలో చదువుకుంటూ 1904లో విశ్వవిద్యాలయ పడవ పందెంలో తెడ్డు వేశాడు, గోల్ఫులో దేశం తరఫున ఆడేంత పేరు తెచ్చుకున్నాడు. లండన్‌లో సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్యం నేర్చి చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా స్థిరపడ్డాడు. ధనికులు వచ్చే ప్రాక్టీసు, సాయంత్రం గోల్ఫు. యుద్ధం రాకపోతే ఆయన పేరు ఈ రోజు మనకు తెలిసేది కాదేమో.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైనికులు కందకాలలో నిలబడి పోరాడేవారు. ఒళ్లంతా మట్టి కాపాడేది, పైకి తేలేది తల ఒక్కటే. అంచేత దవడలు, ముక్కులు, కళ్లు పోయినవాళ్లు వేలల్లో తయారయ్యారు. 1915లో ఫ్రాన్స్ వెళ్లిన గిల్లీస్ అక్కడ వాలాడియర్ అనే పళ్ల డాక్టరు దవడలు బాగుచేయడం చూశాడు. తరువాత పారిస్‌లో మోరెస్టిన్ అనే సర్జన్ ఒక రోగి మొహం మీది క్యాన్సరును కోసి తీసి, ఆ ఖాళీని పక్క చర్మంతోనే కప్పడం చూశాడు. అంతే, చెవి ముక్కు గొంతు వైద్యం వెనకబడిపోయింది.

ఇంగ్లండు తిరిగి వచ్చి పైవాళ్లను ఒప్పించి, 1916లో ఆల్డర్‌షాట్ సైనిక ఆసుపత్రిలో మొహం గాయాలకు ప్రత్యేక వార్డు తెరిపించాడు. యుద్ధరంగంలో డాక్టర్లకు ఈ వార్డు ఉన్న సంగతే తెలియదు గనక, తన సొంత డబ్బుతో చీటీలు కొని, తన చిరునామా రాయించి పంపించాడు. గాయపడ్డవాళ్లు ఆ చీటీలు మెడలో తగిలించుకుని రావడం మొదలుపెట్టారు. అదే ఏడు జూలైలో సోమ్ యుద్ధం జరిగింది. రెండువందల మంది వస్తారని పడకలు సిద్ధం చేస్తే రెండువేల మంది వచ్చారు. ఆ వార్డులో హెన్రీ టాంక్స్ అనే ఆయన ఉండేవాడు. మొదట సర్జన్, తరువాత చిత్రకారుడు. రోగుల మొహాలను ఆపరేషనుకు ముందూ తరువాతా రంగు సుద్దలతో గీసేవాడు. గిల్లీస్ కూడా బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. ముందు కాగితం మీద మొహం కట్టి, ఆ తరువాతే కత్తి పట్టేవాడు.

1917లో సిడ్‌కప్ అనే ఊళ్లో ఇదే పనికి క్వీన్స్ హాస్పిటల్ కట్టారు. 1925 లోపల అయిదువేల మందికి పైగా సైనికులకు పదకొండువేలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అంటే మనిషికి సగటున రెండు, కొందరికి పదీ పదిహేనూ. వార్డులలో అద్దాలు ఉండనిచ్చేవారు కాదు. ఆసుపత్రి నుంచి ఊళ్లోకి పోయే దారిలో కొన్ని బెంచీలకు నీలం రంగు వేశారు. ఆ బెంచీ మీద కూర్చున్న మనిషిని చూసి జడుసుకోవద్దని ఊరివాళ్లకు అది గుర్తు. ఇది చదివినప్పుడు నాకు అక్క గది గుర్తుకొచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఆమె తన అద్దం తానే తీసేసుకుంది.

ఇక గిల్లీస్ పనిలోని కష్టం ఏమిటో చెప్పాలి. శరీరంలో ఒకచోటి నుంచి చర్మాన్నో కొవ్వునో తెచ్చి ఇంకొకచోట పెడితే అది బతకాలి. బతకాలంటే రక్తం అందాలి. పలచని చర్మమైతే కింది గాయం నుంచి ఊరే రసంతో కొన్నాళ్లు గడుపుకుంటుంది, ఈలోగా కొత్త నాళాలు వస్తాయి. మందపాటి ముక్క అయితే నడిమి భాగం ఆకలితో చచ్చిపోతుంది. అందుకే మన దేశంలో సుశ్రుతుడి కాలం నుంచీ ముక్కు కట్టేవాళ్లు చెంప చర్మాన్నో నుదుటి చర్మాన్నో పూర్తిగా తెంపక, ఒక పక్క కొస అతికించే ఉంచి తిప్పేవారు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో బండి తోలే కవాస్జీ అనే ఎడ్లబండి మనిషిని టిప్పు సుల్తాను సైనికులు పట్టుకుని ముక్కు కోస్తే, పూనా దగ్గర ఒక దేశీయ వైద్యుడు నుదుటి చర్మంతో ముక్కు కట్టాడు. ఆ కథ 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. దాన్ని చూసి ఇరవై ఏళ్లకు కార్ప్యూ అనే ఇంగ్లీషు డాక్టరు అలాగే చేశాడు. ఆ పద్ధతే తిరిగి తిరిగి గిల్లీస్ చేతికి వచ్చింది. మా నాయిన కొమ్మను తల్లి చెట్టుకు ఉంచడానికీ దీనికీ నాకు తేడా కనపడలేదు.

అయితే మొహమంతా కాలిపోయినవాడికి నుదురు ఎక్కడిది, చెంప ఎక్కడిది? జట్లాండ్ సముద్ర యుద్ధంలో మందుగుండు మంటకు మొహం కాలిన వికరేజ్ అనే నావికుడికి గిల్లీస్ 1917 అక్టోబరు 3న ఆపరేషన్ చేస్తున్నాడు. ఛాతీ నుంచి చర్మాన్ని కింది కొవ్వుతో సహా లేపి మొహం మీదికి తిప్పాడు. ఛాతీకీ మొహానికీ మధ్య వంతెనలా ఉన్న పట్టీలు రెండు. వాటి అంచులు వాటంతట అవే లోపలికి ముడుచుకుంటున్నాయి. ఆ ముడుచుకోవడాన్ని చూసి, ఆ అంచులను ఒకదానికొకటి కుట్టేస్తే ఏమవుతుందని ఆయనకు తోచింది. కుట్టాడు. పట్టీ గొట్టమైంది. పచ్చి భాగమంతా లోపలికి పోయింది, పైన చర్మం మూసుకుంది. యాంటీబయాటిక్స్ ఇంకా రాని రోజులవి. చీము పట్టడం బాగా తగ్గిపోయింది, రక్తమూ బాగా పారింది. దీన్నే ట్యూబ్ పెడికిల్ అన్నారు. పొట్ట మీద గొట్టం తయారుచేసి, దాని ఒక కొస మణికట్టుకు అంటించి, అది అతుక్కున్నాక రెండో కొస పొట్ట నుంచి తెంపి, చేతిని మొహానికి ఎత్తి కట్టి, కొవ్వునూ చర్మాన్నీ కలిపి అంచెలంచెలుగా నడిపించుకు పోవచ్చు. ఒక్కొక్క అంచెకు వారాలు పడతాయి. ఏ మాటకామాట చెప్పాలి, ఒడెస్సాలో ఫిలాతోవ్ అనే కంటి డాక్టరు 1916లోనే ఇదే ఉపాయం కనుక్కున్నాడు. యుద్ధం మూలాన ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు.

గిల్లీస్ గెలుపులు చాలామంది రాశారు. నాకు మాత్రం ఆయన ఓడిన కథే ముఖ్యమనిపించింది. లమ్లీ అనే యువ వైమానికుడు 1916 జూలైలో విమానం కూలి మొహమంతా కాల్చుకున్నాడు. ఏడాదికి పైగా బాధపడి, శరీరం చిక్కిపోయి, నిద్రకు మందులు వాడుకుంటూ సిడ్‌కప్ చేరాడు. అతడికి కొత్త మొహం ఒక్కసారిగా ఇవ్వాలనుకున్నాడు గిల్లీస్. 1918 ఫిబ్రవరిలో ఛాతీ మీద నుంచి మొహమంత చర్మాన్ని లేపి కప్పాడు. రెండు మూడు రోజులలోనే అది నల్లబడింది. చీము పట్టింది. ఛాతీ మీది గాయం కూడా మానలేదు. మార్చి 11న లమ్లీ చనిపోయాడు. ఇరవైఆరేళ్లు. గిల్లీస్ దీన్ని దాచలేదు. 1920లో అచ్చువేసిన తన పెద్ద పుస్తకంలో ఫోటోలతో సహా పెట్టి, ఒక్కసారిగా చేయడమే తన తప్పని, ముక్కలు ముక్కలుగా చేసి ఉండవలసిందని ఒప్పుకున్నాడు. ఆ తరువాత ఆయన పనిలో వాయిదా వేయడం ఒక నియమమైపోయింది. రేపు చేయగలిగిన పనిని ఇవాళ చేయవద్దని శిష్యులకు నేర్పేవాడు. మనకు చిన్నప్పుడు బళ్లో నేర్పిన దానికి ఇది పూర్తిగా తలకిందులు.

ఆయన రెండో నియమం, పోయింది ఏదో తెచ్చేదీ అదే అయి ఉండాలని. ఎముక పోతే ఎముక, చర్మం పోతే చర్మం, కొవ్వు పోతే కొవ్వు. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది. ఆ రోజుల్లో సొట్టపడ్డ ముక్కుల్లో, చెంపల్లో మైనం కరగబెట్టి సూదితో ఎక్కించే డాక్టర్లు ఉండేవారు. చేసిన రోజు అందంగానే ఉండేది. కొన్నేళ్లకు మైనం జారి గడ్డలు కట్టేది, ఎర్రబడేది, తీయడానికి వచ్చేది కాదు. మనిషి కొవ్వునే గుంటలో పెట్టడం గిల్లీస్‌కు ముందే ఉంది. 1893లో జర్మనీలోని కీల్ నగరంలో న్యూబర్ అనే సర్జన్ చేతి కొవ్వు తీసి కంటి కింది గుంట నింపాడు. చిన్న ముక్కలే బతుకుతున్నాయని ఆయనే గమనించాడు కూడా. పెద్ద ముక్క పెడితే కొవ్వు కరిగి నూనె అవుతుంది, గుంట మళ్లీ గుంటే. గిల్లీస్ గొట్టం ఈ చిక్కును ఇంకొక దారిన దాటింది. దానిలో కొవ్వు తన రక్తాన్ని తనతోనే తెచ్చుకుంటుంది.

యుద్ధం అయిపోయాక ఇలాంటి వైద్యానికి గౌరవం తెప్పించడానికి ఆయన పెద్ద పోరాటమే చేశాడు. 1930లో సర్ బిరుదు వచ్చింది. అదే ఏడు న్యూజిలాండ్ నుంచి వచ్చిన చుట్టం మెకిండోను తన దగ్గర చేర్చుకున్నాడు. కాలిన వైమానికులకు మొహాలు కట్టి రెండో యుద్ధంలో లోకప్రసిద్ధుడైన మెకిండో ఈయనే. ఆ యుద్ధం వచ్చేనాటికి బ్రిటన్‌లో అనుభవమున్న ప్లాస్టిక్ సర్జన్లు నలుగురంటే నలుగురు, అందులో ముగ్గురు న్యూజిలాండ్‌లో పుట్టినవాళ్లు! గిల్లీస్ బేసింగ్‌స్టోక్ దగ్గర రూక్స్‌డౌన్ హౌస్‌లో పనిచేశాడు. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతకదలచిన మైకేల్ డిల్లన్‌కు 1946 నుంచి 1949 దాకా పదమూడు ఆపరేషన్లు చేశాడు. అప్పట్లో లోకం ఒప్పుకోని పని. పనికొచ్చింది ఆ గొట్టం పద్ధతే. డిల్లన్ తరువాత బౌద్ధ భిక్షువై మన దేశం వచ్చి, 1962లో డల్హౌసీలో కన్నుమూశాడు.

రూక్స్‌డౌన్‌లో గిల్లీస్ దగ్గర నేర్చుకున్నవాళ్లలో మనవాడొకడున్నాడు, హుబ్లీలో పుట్టిన నోషిర్ ఆంటియా. బొంబాయి తిరిగి వచ్చి కుష్ఠురోగుల ముక్కులూ చేతులూ బాగుచేయడానికి జీవితం ఇచ్చాడు. 1971లో ఆంటియా, బుచ్ అనే మరొక డాక్టరు కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. పొత్తికడుపు నుంచి కొవ్వు ముక్కను దాని రక్తనాళాలతో సహా తీసి, ఆ నాళాలను కొత్తచోటి నాళాలకు నేరుగా కుట్టారు. వారాల తరబడి గొట్టాన్ని నడిపించే పని ఒక్క పూటకు వచ్చింది. గురువు చెప్పిన నియమాన్నే శిష్యుడు ఇంకొక పద్ధతిలో నెరవేర్చాడు. సూక్ష్మదర్శిని కింద నాళాలు కుట్టే విద్య వచ్చాక గిల్లీస్ గొట్టం చాలావరకు చరిత్రలోకి వెళ్లిపోయింది.

తెంపిన పుల్ల అంటు కూడా ఈలోగా బాగుపడింది. 1950లో అమెరికాలో పీర్ అనే సర్జన్ లెక్కకట్టి చూస్తే పెట్టిన కొవ్వులో ఏడాదికి సుమారు సగమే మిగులుతున్నది. తరువాత ఫ్రాన్స్‌లో ఇల్లూజ్ మొండి గొట్టంతో కొవ్వు పీల్చే పద్ధతి తెచ్చాడు. 1990ల నాటికి కోల్‌మన్ అనే అమెరికన్ సర్జన్ దాన్ని నలగకుండా మెల్లగా తీసి, తిప్పి వడకట్టి, సన్నని పోగులుగా వేర్వేరు పొరల్లో పెట్టడం నేర్పాడు. కొవ్వు కణానికి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల లోపల రక్తం ఉండాలి. అంతకంటే లావు ముద్ద పెడితే నడుమ కుళ్లుతుంది. డాక్టరమ్మ ఇది చెబుతుంటే నాకు వరినాటు కళ్ల ముందు కనిపించింది. నారు కట్టకట్టగా ఒకేచోట గుచ్చితే ఏమవుతుందో మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఇప్పుడు అక్క సంగతి. లోతు పెద్దదై, ఎముక కూడా తగ్గి ఉంటే నాళాలతో సహా తెచ్చే పెద్ద ఆపరేషనే కావాలి. ఆమెకు ఎముక బాగుంది, చర్మం బాగుంది, కొవ్వే పోయింది. కాబట్టి సన్నని పోగుల పద్ధతి చాలు. కాని ఒక్కసారే ఎక్కువ కుక్కితే మధ్యది చచ్చిపోతుంది, తక్కువ పెడితే సగం కరిగిపోతుంది. అందుకే విడతలు. జబ్బు ఇంకా నడుస్తుంటే కొత్త కొవ్వు నిలిచినా పక్కది తగ్గుతూనే ఉంటుంది. అందుకే ఏడాది. కంటికీ ముక్కుకూ దగ్గర వాడి సూదితో ఎక్కిస్తే కొవ్వు నాళంలోకి పోయి చూపు పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. మొదటి క్లినిక్‌లో ఇందులో ఒక్క ముక్క కూడా మాకు చెప్పలేదు. అంతా వినిపించాక పెద్దనాయిన చాలాసేపు మాట్లాడలేదు. ఏడాది అంటే ఇంకొక పెళ్లిళ్ల కాలం దాటిపోవడమే కదా. చివరికి ఆగుదామన్నది అక్కే.

గిల్లీస్ చివరిదాకా కత్తి వదల్లేదు. సంపాదించింది పెద్దగా దాచుకోనూ లేదు. 1957లో శిష్యుడు మిల్లార్డ్‌తో కలిసి రెండు సంపుటాల పుస్తకం తెచ్చాడు. 1960 ఆగస్టులో ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయి దెబ్బతిన్న కాలికి ఆపరేషన్ చేస్తుండగా మెదడులో రక్తం గడ్డకట్టింది. సెప్టెంబరు 10న లండన్‌లో చనిపోయాడు. డెబ్బైఎనిమిదేళ్లు. టాంక్స్ గీసిన ఆ సైనికుల బొమ్మలు ఇప్పటికీ లండన్‌లో భద్రంగా ఉన్నాయి.

డాక్టరమ్మ చెప్పిన ప్రకారం ప్రతి నెలా ఒకటో తారీఖున, ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో నేను అక్క చెంప ఫోటో తీస్తాను. జబ్బు ఆగిందో లేదో చూడడానికి. ఇప్పటికి ఏడు ఫోటోలయ్యాయి. మూడో దానికీ ఏడో దానికీ నాకు తేడా కనిపించలేదు. అక్క మాత్రం వాటిని ఇంకా చూడలేదు, నా దగ్గరే దాచిపెట్టమన్నది.